పితూరీ కార్డు వాంగ్మూలం

నేను ఒక కార్డుని. అయిదంగుళాల పొడవు, మూడంగుళాల వెడల్పు, పసుప్పచ్చ అట్టముక్క. పదకోశం ఆఫీసులో 'ప' సొరుగులో పెరిగాను. నాకు భయమంటే ఏమిటో తెలియదు. భయం అనే మాట రాసిన కార్డు 'భ' సొరుగులో ఉండేది. ఆ సొరుగు కిటికీ పక్కన, మాది గోడ పక్కన. మా ఇద్దరికీ పరిచయం అయ్యే అవకాశమే లేదు.

ఇది చెప్పిన నోటితోనే ఇంకోటి కూడా చెప్పేస్తాను, లేకపోతే మీరే కనిపెడతారు. బీరువా మీద బల్లి కదిలితే నేను ముందున్న కార్డు వీపుకి అంటుకుపోయేదాన్ని. ముందున్నది పితలాటకం. వెనకున్నది పిత్తపరిగి, అంటే వేలెడంత చేప. అటు గొడవ, ఇటు చేప, మధ్యలో నేను. ఓ అరంగుళం వెనక్కి పిరికితనం ఉండేది. వర్ణక్రమం అడ్డు రాకపోతే ఏనాడో దాని పక్కకి వెళ్ళి స్థిరపడిపోయేదాన్ని.

ఇంతకీ నా నెత్తిన రాసిన మాట పితూరీ. అర్థం, తిరుగుబాటు. నా దురదృష్టం చూశారా! అదే సిరాతో పిప్పరమెంటు అని రాస్తే ఎవరికి నష్టం?

మా ఆఫీసు విశాఖ జిల్లాలో కొండ కింద ఒక ఊళ్ళో, బియ్యం మిల్లు మీద కట్టిన రెండు గదులు. కింద మిల్లు ఆడినంతసేపూ పైన తెలుగు భాష మొత్తం గడగడా వణికేది. మాకందరికీ పెద్ద ముక్కామల సోమయాజులు గారు. బళ్ళో తెలుగు చెప్పి రిటైరై, కొండల్లోనూ కొండ కిందా జనం నోట ఉన్న మాటలన్నీ ఒక పుస్తకంలో పెట్టాలని పదకొండేళ్ళుగా కూర్చున్నారు. కూర్చోవడం అంటే నిజంగా కూర్చోవడమే. ఊళ్ళు తిరిగి మాటలు తెచ్చే పని పొట్నూరు గవర్రాజుది. ఇరవయ్యారేళ్ళవాడు. చంకన ఒక గుడ్డ సంచీ, సంచీ నిండా ఖాళీ కార్డులు. కుక్క కనిపిస్తే వీధి మారిపోయే మనిషి. ఆ లక్షణం నాకు అతని చేతిలోంచే వచ్చిందని నా అనుమానం.

ప్రతి కార్డు మీదా ఆరు వరసలు ఉండాలి. మాట, అర్థం, పుట్టుక, ఆ మాట వాడిన వాక్యం, ఆ వాక్యం అన్న మనిషి పేరూ ఊరూ, అన్న తేదీ. ఆరిట్లో ఒక్కటి లేకపోయినా ఆ కార్డు కిటికీలోంచి మిల్లు ఊకలోకి వెళ్ళిపోయేది. ఆ చావు నేను కళ్ళారా చూశాను. ఎన్నో మంచి మంచి మాటలు, పేరు లేని పాపానికి, ఊకలో కలిసిపోయాయి.

"మాట ఆకాశంలోంచి ఊడిపడదోయ్ గవర్రాజూ. ఎవరో ఒకరి నోట్లోంచి వస్తుంది. ఆ నోరెవరిదో రాయాలా వద్దా? వాళ్ళేమైనా దారిన పోయే దానయ్యలా?" అనేవారు సోమయాజులు గారు.

"రాస్తానండి గురువుగారూ," అనేవాడు గవర్రాజు, ఊక వైపు చూస్తూ.

నా పుట్టుక వరస మాత్రం ఆయన స్వహస్తాలతో రాశారు. మూడు నెలలు పట్టింది, ఒక కళ్ళజోడు పోయింది. అరబ్బీలో ఫుతూర్ అని ఈ మాటకి తాత ఒకడున్నాడట. అర్థం ఏమై ఉంటుంది? కత్తీ గుర్రమూ అనుకుంటున్నారు కదూ! నీరసం. ఒంట్లో సత్తువ లేకపోవడం, చల్లబడిపోవడం. రాజ్యాల్ని కదిలించాల్సిన మాట మొదట్లో ముసుగుతన్ని పడుకుని ఉంది. పారసీ, హిందుస్తానీ నోళ్ళలోకి వచ్చేసరికి లేచి కూర్చుని, కలత, గొడవ అనిపించుకుంది. మన ఉత్తర సర్కారు జిల్లాలకి చేరేసరికి నిలబడింది. కొండల్లో మనుషులు సర్కారుకి ఎదురు తిరిగినప్పుడల్లా దొరలు కచేరీ కాగితాల్లో 'ఫితూరీ' అని రాసుకున్నారు. జనం దాన్ని పితూరీ చేసుకుని వాడుకున్నారు. ఆ తర్వాత పట్నం ఇళ్ళలోకి దిగి, మళ్ళీ నీరసపడి, ఒకరి మీద ఒకరు మోసే చాడీగా కాలక్షేపం చేస్తోంది. ఇంత దూరం నడిచిన మాట మా వంశంలో మరొకటి లేదు. నేను మాత్రం సొరుగు దాటింది లేదు.

ఏ అర్థం ముందు రాయాలన్నదాని మీద ఆ రోజు పెద్ద వాదన జరిగింది.

"చాడీ అని రాసేద్దామండి. గొడవుండదు," అన్నాడు గవర్రాజు.

"కొండ మీద మనుషులు తుపాకులకి ఎదురెళ్ళింది చాడీలు చెప్పుకోడానికా?"

"కాదనుకోండి. కానీ రోజులెలా ఉన్నాయో..."

"రోజుల్ని బట్టి అర్థాలు రాస్తే దాన్ని నిఘంటువు అనరోయ్, పంచాంగం అంటారు. తిరుగుబాటు మొదటిది. చాడీ రెండోది. రాయి."

ఇక నా నాలుగో వరస. నా జీవితంలో అది మహాఘట్టం, కాస్త సర్దుకుని కూర్చోండి. 1975 ఏప్రిల్ పదిహేడు, గురువారం. కొండ మీద సంత. మూడు వేల మంది జనం. లకే చిలకమ్మ అనే అరవయ్యేళ్ళ మనిషి పిప్పళ్ళ బస్తా మీదకెక్కి నిలబడింది. మేకలు అరవడం మానేశాయి. తక్కెడలు గాల్లోనే ఆగిపోయాయి. చిలకమ్మ చెయ్యెత్తి, "మళ్ళీ పితూరీ లేపుతాం, తాసిల్దారుని కొండ దింపుతాం!" అంది. ఆ కేకకి అవతలి కొండ మీద జలపాతం ఒక్క క్షణం ఆగి, ఆవిడ ఇంకేమైనా అంటుందేమో అని చూసి, అప్పుడు కిందికి పడింది. గవర్రాజు అక్కడికక్కడే రాసుకున్నాడు. అలా పుట్టాను నేను.

ఆరు వరసలూ నిండిన కార్డు చూసి సోమయాజులు గారు నన్ను కళ్ళకద్దుకున్నారు. నేను ఊకలోకి పోలేదు. అది చాలు అనుకున్నాను. చాలదని జూన్ ఆఖరున తెలిసింది.

ఎమర్జెన్సీ వచ్చింది. ఊళ్ళో అందరూ గొంతు తగ్గించి మాట్లాడడం మొదలుపెట్టారు. అచ్చాఫీసులో ఏ కాగితం అచ్చు కావాలన్నా ముందు ఒక అధికారి చదవాలన్నారు. మా 'ప' భాగం ప్రూఫులు అప్పుడే అక్కడికి చేరాయి. పకోడీ, పచ్చడి, పనసకాయ చదువుకుంటూ ఆ అధికారి హాయిగా కునుకులోకి జారుతుండగా నా వాక్యం తగిలింది. పేరుతో సహా. ఊరుతో సహా. తేదీతో సహా. నేరం చేసినవాళ్ళు ఇంత శ్రద్ధగా వివరాలు అచ్చు వేయించుకోవడం ఆయన ఉద్యోగంలో అదే మొదటిసారి.

మూడో రోజు పదింటికి ఎస్సై రొంగలి సింహాద్రి మెట్లెక్కి వచ్చాడు. వెనక ఒక కానిస్టేబులు.

"పంతులుగారూ, ఆ పితూరీ ఎక్కడుంది?"

"ప సొరుగులో ఉంది బాబూ. పితలాటకం తరవాత."

"నాతో పరాచికాలాడకండి."

"అయ్యో, పరాచికం కూడా అందులోనే ఉంది. కాస్త ముందు."

ఎస్సై సొరుగు లాగాడు. వెలుతురు మీద పడింది. నేను పిత్తపరిగి వెనక దాక్కుందామని చూశాను. చేప ఇంత పొట్టిది, ఏం దాస్తుంది! ఒక్క కార్డు తీసుకెళ్తే సరిపోతుంది కదా అని సోమయాజులు గారు బతిమాలారు. "ఒక్కటేటండి, గేంగు మొత్తం కావాలి," అని ఎస్సై సొరుగు సొరుగంతా జీపులో పెట్టించాడు. దారి పొడుగునా మాలో ఒక్కరు నోరెత్తలేదు. పకపక అన్న కార్డు కూడా నవ్వలేదు. మలుపు తిరిగినప్పుడల్లా రెండు వేల మూడు వందల మందిమి ఒకే పక్కకి ఒరిగి, ఒకరినొకరం పట్టుకున్నాం.

స్టేషన్లో బల్ల మీద నన్ను ఒక్కదాన్నే తీసి పెట్టారు. కదలకుండా పేపర్‌వెయిట్ పెట్టారు. అంత బరువు నా మీద ఎప్పుడూ పడలేదు. సిరా చెమటపట్టి 'తిరుగుబాటు'లో 'బా' కొంచెం అలుక్కుపోయింది. ఎవరైనా చూస్తే ముద్దాయి ఆధారాలు చెరిపేస్తోంది అంటారేమోనని అక్కడితో చెమట పట్టడం కూడా ఆపేశాను.

గది మూల నేల మీద చిలకమ్మ కూర్చుని ఉంది. ముక్కుకి మూడు నత్తులు, ఒళ్ళో ఒక చిన్న మూట. ముందురోజు పొద్దున్నే కొండ మీద నుంచి జీపులో దింపారట. ఎందుకో ఎవరూ చెప్పలేదు. సోమయాజులు గారూ, గవర్రాజూ బెంచీ మీద కూర్చున్నారు. గవర్రాజు ఆమె వైపు చూడలేదు. నా వైపు కూడా చూడలేదు. గోడ మీద సున్నం వైపు చూశాడు.

ఎస్సై నన్ను పైకి చదివాడు. "ఈ మాట నువ్వన్నావా?"

"నాననేదు బావూ."

"పేరు నీదేనా?"

"నాదే."

"ఊరు?"

"మాదే."

"పేరు నీదీ, ఊరు నీదీ, మాట మాత్రం గాల్లోంచి వచ్చిందేటి?"

"ఏటో బావూ. మేకల్ని గుంజకి కట్టీసి వచ్చీసినాను. ఇప్పమని ఎవుల్తోనూ సెప్పనేదు. నిన్నట్నుంచి నీల్లు కూడా నేవు ఆటికి. వాటిని ఇప్పీసి మల్లీ వొస్తాను, అప్పుడడుగు."

"ఇప్పుడున్న చట్టం కింద నిన్ను జైలుకి పంపిస్తే ఎప్పుడొస్తావో నాకే తెలదు. మేకలు గొడవ తరవాత." ఎస్సై బెంచీ వైపు తిరిగాడు. "పంతులుగారూ, ఒకటి చెప్పండి. మీ కార్డుల్లో అబద్ధాలుంటాయా?"

సోమయాజులు గారు నిటారుగా అయ్యారు. "పదకొండు వేల కార్డులు బాబూ. ఒక్క పేరు కల్పించలేదు. ఒక్క వాక్యం..." అని ఆగిపోయారు. తన నిజాయితీ వెళ్ళి ఎవరి మెడకి చుట్టుకుంటోందో ఆయనకి అప్పుడు కనిపించింది.

"చాలు. అదే రాసుకుంటాను," అన్నాడు ఎస్సై.

అప్పుడు చిలకమ్మే అడిగింది.

"ఏ దినం అన్నానట?"

"ఏప్రిల్ పదిహేడు. సంతలో."

"ఏప్రిలంటే నాకేటి తెలుస్తాది? ఏ పండక్కి దగ్గర?"

"ఉగాది వెళ్ళిన అయిదో రోజమ్మా," అన్నారు సోమయాజులు గారు.

చిలకమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేసింది. రెండు రోజులుగా నీళ్ళు కూడా సరిగా తాగని మనిషి, స్టేషన్లో, అలా నవ్వింది. "ఇటుకల పండగ కాదేటి! ఆ వారం సంతెక్కడిది బావూ? మొగోల్లందరూ అడివికి ఏటకెల్లిపోతారు. మావు ఆడోల్లం రోడ్డుకి అడ్డంగా గెడ కట్టీసి పాటలు పాడతాం. ఎవుడొచ్చినా ఇంత సిల్లర ఇచ్చీసి ఎల్లాల."

"రోడ్డు ఆపేస్తారా?" ఎస్సై చెయ్యి కలం మీదకి వెళ్ళింది. నా ప్రాణాలు పైకి పోయాయి.

"అన్నీ ఆపీస్తాం. బస్సులు, లారీలు. నిరుడు ఓ పెద్ద దొర జీపు కూడా ఆపీసినాం. పాట ఇని, నవ్వి, సిల్లర ఇచ్చి ఎల్లినాడు."

ఎస్సై కానిస్టేబులు వైపు చూశాడు. కానిస్టేబులు గొంతు సవరించుకున్నాడు. "నిజవేనండి. ఆ వారం సంతుండదండి. నేను మా అత్తోరింటికెల్తుంటే నన్నూ ఆపేసారండి. డ్రెస్సులో ఉన్నానన్నా ఇన్లేదండి."

అందరూ గవర్రాజు వైపు తిరిగారు.

ఇక్కడ నా మనవి ఒకటి. ముసలివాళ్ళు తేదీలు మరిచిపోతుంటారు. పండగలు ఒక్కో ఏడు ముందుకీ వెనక్కీ జరుగుతుంటాయి. కానిస్టేబుళ్ళకి అత్తవారింటి దారి తప్ప ఏదీ గుర్తుండదు. కాబట్టి నేను ఇంకా నా మాట మీదే ఉన్నాను. సంత జరిగింది. జలపాతం ఆగింది.

"ఏవయ్యా, ఆ రోజు సంతలో ఉన్నావా?" అన్నాడు ఎస్సై.

గవర్రాజు మళ్ళీ గోడ మీద సున్నం వైపు తిరిగాడు.

"చూడండి పంతులుగారూ, నాకు రెండే దారులున్నాయి. కార్డు నిజమైతే ఈవిడ సాయంత్రం బండికి జైలుకెళ్తాది. ఈవిడ నిజమైతే కార్డు అబద్ధం. ఏదో ఒకటి మీ చేత్తో రాసిచ్చెయ్యండి. పైవాళ్ళకి నేను కాగితం చూపించాలి."

సోమయాజులు గారు కళ్ళజోడు తీసి పంచె చివరతో తుడుచుకున్నారు. "గవర్రాజూ," అన్నారు. కోపంగా కాదు, పాఠం అప్పజెప్పించుకునేటప్పటి గొంతుతో. "గెడ దాటావా?"

"లేదండి, గురువుగారూ."

"ఇలాంటివి ఇంకా ఎన్నున్నాయి?"

గవర్రాజు ఏడవడం మొదలుపెట్టాడు. "గుర్తులేదండి."

ఒకటో రెండో అని ఉంటే అవి ఏరి పారేసేవారు. గుర్తులేదు అన్నాక అతను తెచ్చిన ఏ కార్డునీ నమ్మడానికి లేదు. గవర్రాజు తెచ్చినవి నాలుగు వేల పైచిలుకు. సోమయాజులు గారికి అరవయ్యెనిమిదేళ్ళు. మళ్ళీ ఎప్పుడు పోగు చేస్తారు? బల్ల మీద పేపర్‌వెయిట్ కింద నుంచి నేను ఆయన మొహమే చూస్తున్నాను. మా వాళ్ళంతా సొరుగులో ఊపిరి బిగబట్టారు. నిజం చెప్తున్నాను, ఆయన అబద్ధం రాయాలని కోరుకున్నాను. చిలకమ్మ ఎవరు నాకు? మేకలు ఎవరివి?

ఆయన కాగితం అడిగి తీసుకున్నారు. 'పై కార్డులోని వాక్యము ఎవరును అనినది కాదు. దీనిని తెచ్చిన మనిషి సేకరించిన కార్డులన్నియు నమ్మదగనివని నా ఆఫీసు తరఫున ఒప్పుకొనుచున్నాను' అని గుండ్రటి అక్షరాలతో రాసి, సంతకం పెట్టి, తేదీ వేశారు. ఎస్సై చదువుకుని, చిలకమ్మ వైపు చూసి, తలుపు వైపు గడ్డం ఎగరేశాడు. "ఎల్లు. మేకల్ని చూసుకో."

ఆమె మూట తీసుకుని లేచింది. సోమయాజులు గారు వెనకే వరండాలోకి వెళ్ళారు. కిటికీ నాకెదురుగానే ఉంది.

"ఒక్క మాటమ్మా. మా వల్ల ఇంత కష్టపడ్డావు, అడగడానికి నాకు మొహం లేదు. అసలు మీలో ఎవరైనా పితూరీ అనే మాట అంటారా?"

"మా అత్త అనేది."

"ఏమని?"

ఆమె బస్సు వచ్చే వైపు చూస్తూ చెప్పింది. "పితూరీ నాడు మొగోల్లు అడివిలో ఉండిపోనారు. పంట మేవే కోసుకున్నాం, పీనుగుల్నీ మేవే మోసుకున్నాం అనేది."

ఆయన జేబులోంచి ఒక ఖాళీ కార్డు తీసి, గోడకి ఆనించి, ఒక్కో అక్షరం రాశారు. అయిదో వరస దగ్గర కలం ఆగింది. "పేరు రాసుకోనామ్మా?"

"వొద్దు బావూ. పేరు సెప్పినందుకే కదా ఇక్కడికొచ్చినాను."

ఆయన కలానికి మూత పెట్టేశారు. అయిదో వరస ఖాళీగానే ఉంది. ఆ కార్డుని ఆయన ఏ కిటికీలోంచీ పారెయ్యలేదు, జేబులో పెట్టుకున్నారు. కొండ బస్సు వచ్చింది. చిలకమ్మ ఎక్కేసింది. మేకలు ఏమయ్యాయో నాకు తెలియదు.

నన్ను మాత్రం ఆ ఒప్పుకోలు కాగితానికి గుండుసూదితో గుచ్చి, ఫైల్లో పెట్టి, రికార్డు గదిలో పడేశారు. ఇన్నేళ్ళూ ఎవరూ ముట్టుకోలేదు. ఇవాళ మీరు దుమ్ము దులిపి కట్ట విప్పారు. ముందు నన్ను చదివారు, తర్వాత వెనక గుచ్చిన కాగితాన్ని చదివారు, మళ్ళీ నన్ను చదివారు. ఆ రెండోసారి చూసిన చూపు నాకు అర్థమైంది. దొరికిపోయాను.

సరే. సంత లేదు. బస్తా లేదు. మూడు వేల మంది లేరు. జలపాతం దాని మానాన అది పడుతోంది. నేను పుట్టింది ఘాట్ రోడ్డు మొదట్లో ఉన్న టీ బడ్డీలో, బల్ల మీద. గవర్రాజు ఎక్కిన బస్సు గెడ దగ్గర ఆగింది. గెడ వెనక నలభై మంది ఆడవాళ్ళు పాడుతున్నారు. చిల్లర లేనివాడి మొహాన పేడ పూస్తారని పక్కసీటు మనిషి సరదాకి అన్నాడు. గవర్రాజు దిగి వెనక్కి నడిచి వచ్చేశాడు. ఖాళీ కార్డులతో గురువుగారి ముందు నిలబడడానికి కూడా భయమేసింది. టీ చల్లారేలోగా పంతొమ్మిది కార్డులు రాశాడు. వాటిలో నేను ఏడోదాన్ని.

అయిదో వరసలో ఒక పేరు కావాలి. కొండ మీద అతనికి ఊరుతో సహా తెలిసిన పేరు ఒక్కటే ఉంది. అంతకు ముందు నెల సంతలో అతనికి చలిజ్వరం వస్తే, ఎవరో ఒక పెద్దావిడ తన బస్తాల మీద పడుకోబెట్టి, గోనె కప్పి, అంబలి తాగించి, బస్సెక్కించింది. ఎక్కేటప్పుడు పేరు అడిగితే చెప్పింది. ఆ పేరు రాశాడు.

ఆ రోజు స్టేషన్లో ఆమె మొదటిసారి "నాననేదు" అన్నప్పుడే నిజం ఎవరిదో నాకు తెలుసు. కార్డుకి నోరెక్కడిది అని తప్పించుకుందామంటే, ఇంతసేపూ మీతో వాగుతూనే ఉన్నాను. పేపర్‌వెయిట్ ఎత్తగానే నన్ను చింపేస్తారని ఊరుకున్నాను.

ఆమె వద్దన్న పేరు నా మీద ఇంకా ఉంది. చెరుపుకోవడం నాకు చేతకాదు. మీ జేబులో కలం కనిపిస్తోంది. అయిదో వరస కొట్టెయ్యండి.